పిల్లల పాటయు పెద్దల సమాధానమును

ధ్యానభాగములు: మత్తయి 5:23, 24, మార్కు 11:25, 2 కొరింథీయులకు 5:18



పగలు రగిలిన దేశములలో క్రైస్తవులు చేయుచున్న ఒక పరిచర్యను గూర్చి మనము అప్పుడప్పుడు సంతోషముతో వినుచుందుము. కొట్లాడుకొనిన రెండు పక్షముల పిల్లలను ఒకచోట కూర్చుండబెట్టి, ఒకే కీర్తన నేర్పి, అందరిచేత కలిసి పాడింతురు. చూచువారి కన్నులు చెమ్మగిల్లును. పెద్దలు చేయలేని పనిని పిల్లల పాట చేసినదని చెప్పుకొందురు. ఈ మాట వినుటకు ఇంపుగానే యున్నది. అయితే అది సత్యమా? పాట పగను తీర్చగలదా? పెద్దలు మోయవలసిన బరువును పిల్లల నోట పాటగా పెట్టి మనము తప్పించుకొనవచ్చునా? ఈ నెల ఈ ప్రశ్నను రువాండా దేశములో జరిగిన సంగతులను ముందుంచుకొని ఆలోచింతము.

రువాండా ఆఫ్రికా ఖండము నడుమనున్న చిన్న దేశము. విస్తీర్ణములో మన ఉమ్మడి అనంతపురము జిల్లాకు ఒకటిన్నర రెట్లు కూడ ఉండదు. దేశమంతయు కొండలే. అక్కడ హుటూలు, టుట్సీలు, ట్వాలు అని మూడు తెగలవారున్నారు. అందరి భాష ఒకటే. ఒకే కొండమీద ఇరుగుపొరుగున కాపురముండి, ఒకే దేవాలయములో ఆరాధించినవారు. 1930ల దశకములో అప్పటి బెల్జియము దొరతనమువారు మనిషి మనిషికిని గుర్తింపు చీటి యిచ్చి, అందులో తెగ పేరు వ్రాయించిరి. అదివరకు కొంత వదులుగా నున్న భేదము ఆ చీటితో బిగిసిపోయెను.

అదే దశకములో ఆ దేశపు గహిని అను ఊరిలోని ఆంగ్లికన్ మిషను స్థలములో గొప్ప ఉజ్జీవము కలిగి, చుట్టుపట్ల దేశములకు ప్రాకెను. "టుకుటెండెరెజా యేసు" అను స్తుతికీర్తన ఆ ఉజ్జీవమునకు గురుతుగా నిలిచినది. తమ పాపములను పదిమందిలో ఒప్పుకొని, ఆ కీర్తన పాడుచు ఒకరినొకరు చేర్చుకొనుట ఆ విశ్వాసుల వాడుక. కావున రువాండా కీర్తనలు ఎరుగని దేశము కాదు. 1990ల ఆరంభమున అక్కడి జనులలో పదిమందికి సుమారు తొమ్మండుగురు క్రైస్తవులమని చెప్పుకొనినవారే.

అట్టి దేశములో 1994 ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడు ఎక్కిన విమానమును ఎవరో కూల్చివేసిరి. మరునాటినుండి సుమారు 100 దినములలో ఎనిమిది లక్షలమంది చంపబడిరని ఐక్యరాజ్యసమితి అంచనా. చనిపోయినవారిలో ఎక్కువమంది టుట్సీలు. ఆ హత్యలకు ఒప్పుకొనని హుటూలును అనేకులు హతులైరి. దేవాలయమైతే ఎవరును ముట్టరని తలంచి లోపల చేరిన వేలమంది అక్కడనే ప్రాణములు విడిచిరి. నటరామ, న్యమట అను ఊళ్ల దేవాలయములు నేడు ఆ మృతుల స్మారకములుగా నున్నవి. చంపినవారిలో వారితో కలిసి ఒకే సంఘములో కీర్తనలు పాడినవారును ఉండిరి.

పాట ఆ దినములలో ఊరకుండలేదు. సైమన్ బికిండి అను పేరుపొందిన గాయకుని పాటలు రేడియోలో మాటిమాటికి మ్రోగుచు ద్వేషప్రచారమునకు పనిముట్లయ్యెను. రువాండా నేరముల విచారణకై ఐక్యరాజ్యసమితి నెలకొల్పిన న్యాయస్థానము 2008లో అతనికి 15 సంవత్సరముల చెరసాల విధించెను. పాటలు కట్టినందుకు గాదు. 1994 జూన్ మాసములో బండిమీదనుండి ధ్వనివర్ధకముతో టుట్సీలను చంపుడని జనులను పురికొల్పినందుకు ఆ శిక్ష.

దీనినిబట్టి మొదటి ప్రశ్నకు కొంత జవాబు దొరకుచున్నది. మన ఊళ్లలో పెండ్లికి మ్రోగిన డప్పే చావునకును మ్రోగును. వాయించువాని చేతినిబట్టి దాని మాట మారును. పాటయు అట్టిదే. హృదయములో ప్రేమయున్న యెడల పాట దానికి బలమిచ్చును. పగయున్న యెడల దానికిని బలమిచ్చును. లేనిదానిని అది పుట్టింపజాలదు. ఆమోసు ప్రవక్త దినములలో ఇశ్రాయేలీయులు స్వరమండలములతో చక్కగానే పాడుచుండిరి. వారి గుమ్మములయందు న్యాయము లేనందున ఆ పాటల ధ్వనిని తన యెదుటనుండి తీసివేయుమని దేవుడు సెలవిచ్చెను.

ఇప్పుడు మరియొక గాయకుని సంగతి ఆలోచింతము. ఆయన పేరు కిజిటో మిహిగో. ఆయన రోమను కతోలిక సంఘస్థుడు. అయినను ఆయన జీవితమునుండి మనము నేర్చుకొనవలసినది కలదు. ఆయన టుట్సీ కుటుంబములో 1981వ సంవత్సరమున కిబెహో అను ఊరిలో పుట్టెను. 1994లో ఆయన తండ్రి చంపబడెను. అప్పటికి ఆయన వయస్సు 12 ఏండ్లు. పిల్లవాడు బురుండి దేశమునకు పారిపోయి, పగతీర్చుకొనుటకై సైన్యములో చేరగోరెను గాని వారు చేర్చుకొనలేదు. తరువాత దైవసేవకు సిద్ధపరచు బడిలో చదివెను, ఆరాధనకు కీర్తనలు కట్టెను, ప్యారిస్ నగరములో సంగీతము నేర్చెను. తన తండ్రిని చంపినవారిని క్షమించితినని బహిరంగముగా చెప్పెను. 2010లో తన పేరనే ఒక సమాధాన సంస్థను స్థాపించి, బడులకును చెరసాలలకును వెళ్లుచుండెను. చెరసాలలలో నేరము చేసినవారికి పాడెను. బడులలో ఇరుతెగల పిల్లలకు పాడి, వారితో మాట్లాడెను. ఆ పిల్లలలో అనేకులు 1994 తరువాత పుట్టినవారు. దేశమంతయు ఆయనను మెచ్చుకొనెను. ఏప్రిల్ మాసపు సంతాపదినములలో ప్రభుత్వపు సభలలో ఆయన పాడుట వాడుకయైనది.

2014లో ఆయన "మరణముయొక్క అర్థము" అను భావముగల పేరుతో ఒక పాట పాడెను. జాతిసంహారములో చనిపోయినవారి కొరకే గాక, పగచేతను ఇతర విధములను చంపబడిన యితరుల కొరకును ఆ పాటలో ఆయన దుఃఖించి ప్రార్థించెను. వారును మనుష్యులే గదా యని దాని భావము. ఆ మాట గాలిలోనుండి వచ్చినది కాదు. ఆయన పుట్టిన కిబెహోలో 1994 ఏప్రిల్‌లో దేవాలయములో దాగిన టుట్సీలు చంపబడిరి. సరిగా ఏడాది తరువాత, 1995 ఏప్రిల్‌లో, అదే కిబెహోలో ఇండ్లు విడిచి శిబిరములో నున్న హుటూలను క్రొత్త ప్రభుత్వపు సైనికులు కాల్చిరి. చచ్చినవారు 338 మంది యని ప్రభుత్వము చెప్పెను. వేలమంది యని చూచినవారు చెప్పిరి. ఒకే ఊరి మట్టిలో ఇరువురి మృతులున్నారు. ఒకరి కొరకు ఏటేట సభలు జరుగుచుండెను. రెండవవారి కొరకు బహిరంగముగా ఏడ్చుటకు చోటు లేకపోయెను.

ఆ పాట వచ్చిన కొద్దికాలమునకే, 2014 ఏప్రిల్‌లో, ఆయన పట్టబడెను. ప్రభుత్వముమీద కుట్ర చేసెనని నేరము మోపి, 2015లో 10 సంవత్సరముల శిక్ష విధించిరి. ఆ పాటవలననే తనకు ఈ శ్రమ కలిగెనని ఆయన చెప్పెను. 2018లో అధ్యక్షుని క్షమాభిక్షవలన విడుదలయ్యెను. 2020 ఫిబ్రవరిలో బురుండి సరిహద్దునొద్ద మరల పట్టబడి, ఆ నెల 17న పోలీసు ఠాణాలో చనిపోయెను. ఆయనే ప్రాణము తీసికొనెనని పోలీసులు చెప్పిరి. మానవహక్కుల సంఘములు దానిని నమ్మక, స్వతంత్ర విచారణ కావలెనని అడిగినవి. అప్పటికి ఆయన వయస్సు 38 ఏండ్లు.

ప్రియులారా, ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపవలెను. తన తండ్రిని చంపినవారిని క్షమించినప్పుడు అందరును ఆయనను పొగడిరి. ఎదుటి పక్షపు మృతుల కొరకు ఏడ్చినప్పుడు ఆయనకు శ్రమ వచ్చెను. ఈ రెంటికిని భేదమేమి?

క్షమించుట కష్టమైన పనియే. దైవకృప లేక ఎవరును చేయజాలరు. అయినను క్షమించువాడు తప్పులేనివాని స్థానములో నిలిచి, తప్పుచేసినవానికి చేయి చాపుచున్నాడు. ఎదుటివాని మృతుని కొరకు ఏడ్చువాడు ఆ ఎత్తునుండి క్రిందికి దిగవలెను. మా పక్షమువారి చేతులకును రక్తమంటినదని ఒప్పుకొనవలెను. అందువలన తనవారికే ద్రోహియను పేరు వచ్చును.

మన ప్రభువు ఈ రెంటిని గూర్చియు వేరువేరుగా బోధించెను. మార్కు 11:25లో, మనకు ఎవనిమీదనైనను విరోధమున్న యెడల ప్రార్థించునప్పుడు క్షమింపుమనెను. అందుకు ఎక్కడికిని పోనక్కరలేదు. నిలుచున్న చోటనే క్షమింపవచ్చును. మత్తయి 5:23లో ఆయన అడిగినది వేరు. సహోదరునికి మనమీద ఏదైన విరోధము కలదని జ్ఞాపకము వచ్చిన యెడల, అర్పణమును బలిపీఠమునొద్దనే విడిచి, మొదట అతని యింటికి వెళ్లవలెను. పాటయు ప్రార్థనయు ఆగవలసినది అక్కడనే. సాధారణముగా మనము మొదటి వచనమును నేర్చుకొని, దానినే సమాధానమనుకొందుము. రెండవది లేక సమాధానము పూర్తికాదు.

ఇట్లు చెప్పుటవలన జాతిసంహారమును పగతీర్చుకొనుటను ఒకే త్రాసులో పెట్టినట్లగునని కొందరు భయపడుదురు. ఆ భయమును తేలికగా తీసివేయరాదు. ఇంటివారినందరిని పోగొట్టుకొనిన తల్లియొద్దకు వచ్చి, "అవతలివారును చచ్చిరి గదా" యని ఎవడైన అనిన యెడల అది క్రూరమైన మాట. తన నేరము దాచుకొనుటకు అట్లు అనువారును ఉందురు. జాతిసంహారము జాతిసంహారమే, దాని పేరు మార్చకూడదు. కాని కిజిటో మిహిగో అట్టివాడు కాడు. తండ్రిని పోగొట్టుకొనినవాడు తన దుఃఖములోనుండి ఎదుటివాని దుఃఖమును చూచి మాట్లాడెను. నేరమును తూచుటకు త్రాసు కావలెను. అది న్యాయస్థానముల పని. దుఃఖమును తూచుటకు దేవుడు మనకు త్రాసు ఇయ్యలేదు. ఏడ్చువారితో ఏడువుడని అపొస్తలుడు రోమా సంఘమునకు వ్రాసినప్పుడు, ఏ తెగవారితోనని విడదీసి చెప్పలేదు.

ఇక పిల్లల సంగతి. తండ్రులు ద్రాక్షకాయలు తినిన పిల్లల పండ్లు పులియునను సామెతను యెహెజ్కేలు 18వ అధ్యాయములో దేవుడు కొట్టివేసెను. తండ్రి దోషము కుమారునిది కాదు. కావున 1994 తరువాత పుట్టిన హుటూ బిడ్డను నేరస్థునిగా చూడరాదు. టుట్సీ బిడ్డను క్షమింపుమని బలవంతపెట్టరాదు. ఆ పిల్లలకు కావలసినది సత్యము. మనవారి గాయములను మాత్రమే విని పెరిగిన బిడ్డ, ఎంత చక్కని సమాధానగీతము పాడినను, లోలోపల పగకు వారసుడగును. మనవలన ఎదుటివారికి కలిగిన గాయములను కూడ విన్న బిడ్డ, పొరుగువాని ముఖము చూచి పాడగలడు.

ఆ సత్యమును చెప్పవలసినవారు పెద్దలే. ఇందుకు మాదిరి లేకపోలేదు. 1996 డిసెంబరులో జర్మనీ దేశపు డెట్‌మోల్డ్ పట్టణములో కొందరు రువాండా క్రైస్తవులు, ఐరోపా క్రైస్తవులు కూడిరి. హుటూలు తమవారు చేసినదానిని, టుట్సీలు తమవారు చేసినదానిని, ఐరోపావారు తమ దేశములు నాటిన భేదములను ఎవరికివారు ఒప్పుకొని, క్షమాపణ వేడుకొనిరి. అవతలివారి తప్పులను ఎంచుటకు ఎవరును పూనుకొనలేదు. పెద్దలు ఇట్లు మొదట నడచిన తరువాత పిల్లల పాటకు బలము కలుగును.

మన సంఘములకు ఈ మాట దూరమైనది కాదు. ఒక ఊరిలో రెండు పేటలు, రెండు ప్రార్థనశాలలు, మధ్య ఏండ్లనాటి మాటపట్టింపు. క్రిస్మసు రాత్రి దీపములు పట్టుకొని పాడుచు తిరుగు మన పిల్లలు ఏ వీధి చివర ఆగి వెనుకకు మరలుచున్నారు? అక్కడ ఆగుమని వారికి నేర్పినది ఎవరు? వారిని ఆ వీధిలోనికి పంపుటకు ముందు పెద్దలు పగటివేళ వెళ్లవలెను. "మీరు మమ్మును క్షమించుడి, మీకు మామీదనున్నది చెప్పుడి, విందుము" అని వారి వాకిట కూర్చుండవలెను. వినుట ముగిసిన తరువాత డోలకు, తాళములు తీసికొని పిల్లలు వచ్చిన యెడల ఆ పాట దేవునికి ఇష్టమైన అర్పణమగును.

దేవునియెడల తప్పుచేసినవారము మనమే. ఆయనకు మనయెడల ఏ తప్పును లేదు. అయినను మొదట బయలుదేరి వచ్చినవాడు ఆయనే; క్రీస్తునందు మనలను తనతో సమాధానపరచుకొని, ఆ సమాధాన పరిచర్యను మనకప్పగించెను. నిర్దోషియైనవాడే ముందుగా వచ్చినప్పుడు, దోషులమైన మనము ఒక వీధి దాటుటకు ఎంతకాలము ఆలోచింతుము?

ప్రార్థన: సమాధానకర్తవగు తండ్రీ, మేము మరచిన మృతులను నీవు మరువలేదు. మా సహోదరునికి మామీదనున్న విరోధమును మాకు జ్ఞాపకము చేయుము. వెళ్లుటకు కాళ్లను, వినుటకు ఓర్పును దయచేయుము. మా పిల్లల నోట నీవుంచిన స్తోత్రమును మా పగ చెరుపకుండునట్లు కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.