ఫొటో తీశాము, చూశామా?



మంచును ఫొటో తీయడంలో మంచిచెడ్డలు ఏముంటాయని మీరు అడగవచ్చు. ఉన్నాయనే నా మనవి.

డిసెంబరు, జనవరి మాసాలలో మన చోడవరం కుర్రవాళ్లు అర్ధరాత్రి దాటాక మోటారు సైకిళ్ల మీద నర్సీపట్నం మీదుగా లంబసింగికి బయలుదేరుతారు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండ ఊరిలో బాగా చలి పడిన రోజున తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకొంటుంది. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉన్నది. రాత్రి ఆరుబయట ఉండిపోయినవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. వెళ్లినవారికి ఆ మంచు వేడుక. చలిమంట చుట్టూ ముడుచుకు కూర్చున్న గిరిజన కుటుంబానికి అది ఎలాగో గడవవలసిన రాత్రి. మన ఫొటోలో వేడుకే పడుతుంది. ఒక్కోసారి ఆ కుటుంబమూ పడుతుంది, వారిని ఒక్క మాట అడగకుండానే.

పునీత అగుస్తీనువారు తమ ఆత్మకథ పదవ భాగంలో కన్నుల ఆశను గురించి లోతుగా విచారించారు. అందాన్ని కోరే చూపు వేరు, ఏదైనా సరే అనుభవించి చూడాలనే కుతూహలం వేరు అని వారు విడదీశారు. ఈ కుతూహలానికి తృప్తి లేదు. ఒక ఫొటో చాలదు, వంద కావాలి. ఇంటికి వచ్చాక ఆ వందా తిరిగి చూసేవారు అరుదు.

అలాగని ఫొటో తీయడమే తప్పనలేము. గంగోత్రి యాత్రకు వెళ్లిన మనవారు కొందరు గోముఖం దాకా నడిచి ఆ మంచునదిని ఫొటో తీసుకొని వస్తారు. దాని పొడవు సుమారు 30 కిలోమీటర్లు. అది ఏళ్ల తరబడి వెనక్కు తగ్గుతున్నదని తెలిసింది పాత సర్వే పటాలను, పాత ఛాయాచిత్రాలను కొత్తవాటితో పోల్చి చూసినందువల్లనే. 2025 అక్టోబరు 1న జగద్గురువులు 14వ లియో పోపుగారు, 'లౌదాతో సి' లేఖకు పదేళ్లు నిండిన సందర్భంగా, గ్రీన్‌లాండు నుండి తెచ్చిన మంచుగడ్డ మీద చేయి ఉంచి ఆశీర్వదించారు. ఆ క్షణాన్నీ కెమెరాలు తీశాయి. ఆ ఫొటో చూసినవారికి మంచు కరుగుతున్న సంగతి గుర్తుండిపోతుంది.

కనుక అసలు ప్రశ్న ఇది: ఫొటో తీసినవాడు ఆ దృశ్యానికి యజమానియా, సాక్షియా? యజమాని "నేను వెళ్లాను" అని చూపించుకొంటాడు. సాక్షి "నేను చూశాను" అంటాడు, చూసినదానికి కట్టుబడతాడు. దివ్యరూపధారణ కొండ మీద పేతురు మూడు గుడారాలు వేసి ఆ దృశ్యాన్ని నిలుపుకోవాలనుకొన్నాడు. ప్రభువు ఆయనను కొండ దింపారు. క్రింద రోగియైన కొడుకుతో ఒక తండ్రి ఎదురుచూస్తున్నాడు.

యువతీయువకులారా, ఈ చలికాలం లంబసింగి వెళ్లండి, ఫొటోలు తీయండి. అయితే ముందు కాసేపు ఊరకే నిలబడి కంటితో చూడండి. మనుషులను తీసేటప్పుడు అడిగి తీయండి. ప్లాస్టిక్ సీసాలు అక్కడ వదలకండి. వీలైతే ఒక దుప్పటి పట్టుకెళ్లండి. మంచు పొద్దెక్కితే కరుగుతుంది. ఆ చలిలో మీరు చూసిన మనిషి రేపు రాత్రి కూడా అక్కడే ఉంటాడు.