గోడ మీది మాట ఎవరితో మాట్లాడుతుంది?

అఫ్జల్‌గంజ్ అంటే మా ఏజెన్సీ జనానికి ముందు గుర్తొచ్చేది ఉస్మానియా దవాఖానా. భద్రాచలం నుంచో మణుగూరు నుంచో రాత్రి బస్సెక్కి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగితే అక్కడికి నడిచిపోవచ్చు. నిరుడు ఎండాకాలం, బడి మూసే ముందు, మా ఊరి మనిషిని చూడటానికి మేము ముగ్గురు టీచర్లం అలాగే వెళ్లాం. చూసి వచ్చాక సాయంత్రం బస్సు దాకా చాలా పొద్దు ఉంది. తరగతి గదికి ఒక కవిత ఫ్రేము కొందామని అప్పటికే తలా కొంత వేసుకుని ఉన్నాం. రోడ్డు దాటి బేగంబజార్ వైపు సందుల్లో పడ్డాం.

దుకాణంలో దేవుళ్ల పటాలు, మక్కా పటాలు, జలపాతాలు, పరుగెత్తే గుర్రాలు. వాటి మధ్య అచ్చువేసిన కవితలు. మాకు నచ్చినదానిలో కొండ కొన మీద ఒక మనిషి చేతులు చాచి నిలబడ్డాడు. పక్కన ఎనిమిది పాదాల తెలుగు కవిత. దాని సారం ఇది: కష్టపడినవాడు కొండను జయిస్తాడు, ఓడిపోయాడంటే కష్టపడనట్టే. రాసింది ఎవరో పేరు లేదు. ధర 350 రూపాయలు.

డబ్బులు తీయబోయి ఆగాం. మాలో ఒకరికి ఆ ఏడే బడి మానేసిన తొమ్మిదో తరగతి పిల్లవాడు గుర్తొచ్చాడు. తండ్రికి జబ్బు చేస్తే మిర్చి కోతలకు పోయాడు, మళ్లీ రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే తల వంచుకుని, "నాకే పట్టుదల లేదు సార్" అన్నాడు. ఆ మాట వాడిది కాదు. వాడు రోజూ కూర్చున్న గది గోడ మీద సూక్తిది. ఇంట్లో గింజలు లేకపోవడాన్ని తన గుణంలో లోపంగా చదువుకున్నాడు. ఆ కాగితం అక్కడ అంటించింది మేమే.

"అట్లయితే గోడకు ఏ మాటా వద్దా?" అని మాలో చిన్నవాడైన సారు అడిగాడు. మలావత్ పూర్ణ పేరు ఎత్తాడు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. గిరిజన పిల్లే, గురుకులంలో చదివిన పిల్లే. నిజమే. ఆమె పట్టుదల నిజం. భువనగిరి రాతి గుట్ట మీద ఇచ్చిన శిక్షణ, ఖర్చు పెట్టుకున్న గురుకుల సంస్థ, వెంట ఎక్కిన ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్, దారి చూపిన షెర్పాలు కూడా అంతే నిజం. ఆ కవితలో మాత్రం మనిషి ఒక్కడే ఉన్నాడు, తాడు కూడా లేదు. పైగా మా పిల్లలు మేకలు తోలుకుని రోజూ గుట్ట ఎక్కి దిగుతారు. గుట్ట మీద వేల్పు ఉంటాడు. ఆయనను జయించడమేమిటో వాళ్లకు ఎలా చెప్పాలి?

ఆ దవాఖానా ఆవరణలోనే ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని మీదికెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ వరదలోనే ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. ఆ వరద మీద కవిత రాశాడు. చెట్టు అందినవాళ్లు కష్టపడ్డారు, కొట్టుకుపోయినవాళ్లు కష్టపడలేదు అని ఆయన ముందు ఎవరైనా అనగలరా? పిల్లవాడి ముందు మాత్రం ఎందుకు అంటున్నాం?

అయినా గోడ మీది మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. మేము టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో ఇంటికి తిరిగిపోదామని పెట్టె సర్దుకున్న రాత్రులున్నాయి. హాస్టల్ గోడ మీద ఒక సారు బొగ్గుతో రాసిన ఒక్క వాక్యం మమ్మల్ని ఆపింది. అయితే ఆ సారు మరుసటి రోజు పొద్దున మెస్ బాకీ కూడా కట్టాడు. వాక్యం ఒక్కటే ఉంటే ఆగేవాళ్లమా అంటే, చెప్పలేం.

మా కోయల్లో డోలీలు పడిగె మీద బొమ్మల్లో పెద్దల కథలు దాచుకున్నారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు ఆ పాటగాళ్లలో ఒకరు. పడిగెను అలంకారానికని గోడకు వేలాడదీయరు. వేడుకప్పుడు విప్పుతారు, పాడే మనిషి పక్కన ఉంటాడు. వినేవాడికి అనుమానం వస్తే అడగడానికి ఒక నోరు ఉంటుంది. అచ్చుకవితను ఎవరిని అడగాలి? పేరైనా లేదు కదా.

చివరికి ఖాళీ ఫ్రేము అడిగాం. "ఫోటో ఎవరిది సార్, పోయినోళ్లదా?" అన్నాడు దుకాణం ఆయన. కాదన్నాం. వెనక చెక్క ఊడదీసి మళ్లీ పెట్టుకునేలా చేసి ఇమ్మన్నాం. వింతగా చూశాడు గానీ చేసి ఇచ్చాడు, 50 రూపాయలు తగ్గించాడు కూడా.

జూన్‌లో దాన్ని తొమ్మిదో తరగతి గదిలో వేలాడదీశాం. ఇప్పుడు అందులో ఒక పాప తన అవ్వ దగ్గర విని రాసిన నాట్ల పాట ఉంది. మాట కోయది, అక్షరం తెలుగుది. కింద అవ్వ పేరు రాసింది. రెండు చోట్ల అవ్వ పాడినట్టు లేదని పిల్లలు వాదించుకుంటే, ఫ్రేము దించి దిద్దింది. మిర్చికి పోయిన పిల్లవాడి ఇంటికి మేము మళ్లీ రెండుసార్లు వెళ్లొచ్చాం. వాడింకా రాలేదు.