భక్తుడు నవ్వవచ్చునా?

దైవమును నమ్మినవాడు నవ్వవచ్చునా? ప్రశ్న తేలికగా కనబడును గాని, దీనిని గూర్చి క్రైస్తవ ప్రపంచము అనేక శతాబ్దములు తర్కించినది. క్రీస్తు కన్నీరు విడిచినట్లు సువార్తలలో ఉన్నది. నవ్వినట్లు ఎక్కడను లేదు. ఈ మౌనమును ఆధారముగా గొని నాలుగవ శతాబ్దివాడైన యోహాను క్రిసోస్తము విశ్వాసికి నవ్వుకన్న కన్నీరే మేలని బోధించినాడు. ఆయన కాలపు నగరములలో నాటకశాలల వెకిలినవ్వు ఎంత ప్రబలియుండెనో తలచినచో ఆ కాఠిన్యమునకు కారణము తెలియును. అయినను ప్రశ్న అంతటితో తీరలేదు. అదే పవిత్రగ్రంథములో అబ్రాహాము భార్య శారా ముదిమిలో బిడ్డను కని నవ్వినది. ఆ బిడ్డకు పెట్టిన ఇస్సాకు అను పేరునకు హీబ్రూ భాషలో అర్థము నవ్వుటయే.

ఈ తగవు ఒక్క మాటలోనే ఇమిడియున్నది. అరిస్టాటిలు మోటు పరిహాసమునకును, మొండి గాంభీర్యమునకును నడుమనున్న చతురతను ఒక సద్గుణముగా ఎన్నినాడు. ఆయన వాడిన గ్రీకు పదమునే ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో నిషిద్ధవాక్కుల జాబితాలో చూతుము. తెలుగు బైబిలులో అచ్చట 'సరసోక్తి' అని ఉన్నది. కావ్యమును మెచ్చునప్పుడు తెలుగువాడు వాడునది ఈ మాటయే! ఒకే మాట ఒకచోట గుణము, వేరొకచోట దోషము. కనుక విచారింపవలసినది నవ్వు ఉండవచ్చునా అన్నది కాదు. ఎట్టి నవ్వు ఉండవచ్చునన్నది.

పదమూడవ శతాబ్దిలో థామస్ అక్వినాస్ ఈ విచారణ చేసినాడు. ఆయన ఒక పాతకథను ఉదాహరించినాడు. యోహాను శిష్యులతో వినోదముగా ఉండుట చూచి కొందరు నొచ్చుకొనిరట. వారిలో విల్లు పట్టినవానిని పిలిచి ఆయన బాణము వేయుమన్నాడు. మరల మరల వేయించినాడు. ఇట్లే ఎడతెగక వేయగలవా అని అడుగగా, విల్లు విరుగునని వాడు బదులు చెప్పినాడు. మనస్సును సదా బిగించియుంచినను అంతేనని యోహాను అన్నాడట. ఇట్టి ఉపమానము మన దేశమునకు కొత్త కాదు. తపస్సులో దేహమును క్రుంగజేసికొన్న సోణునకు, పూర్వము వీణ వాయించినవాడగుటచేత, బుద్ధుడు తీగనే చూపి బోధించినాడు. మిక్కిలి బిగించిన తీగ గాని, మిక్కిలి వదలిన తీగ గాని పలుకదు.

తీగవాద్యమును నేర్పువానికి ఇది ఉపమానము కాదు, దినచర్య. పాఠమునకు ముందు అతడు చేయునది శ్రుతి కూర్చుటయే. 1674లో స్పెయినులోని సరగోసా నగరమున గాస్పర్ సాన్స్ అనువాడు గిటారు నేర్చుకొనువారి కొరకు ఒక పాఠ్యగ్రంథమును ప్రకటించినాడు. ఆయన సలమాంకా విశ్వవిద్యాలయములో దైవశాస్త్ర పట్టభద్రుడు. అయినను ఆ గ్రంథమున సామాన్యజనుల నృత్యముల వరుసలను చిన్నతనముగా భావింపక చేర్చినాడు. 1954లో హోఆకిన్ రోద్రిగో ఆ వరుసలనే ఆధారముగా చేసికొని గిటారునకును, వాద్యబృందమునకును ఒక ప్రసిద్ధరచన కూర్చినాడు.

సాన్స్‌కు ముందే, 1611లో, కోవరూబియాస్ అను మతాచార్యుడు తన నిఘంటువులో గిటారును పశువు మెడలోని గంటతో పోల్చి, దానిని వాయింపని గుర్రపువాడు లేడని ఎగతాళి చేసియుండెను. సాన్స్ కూడ తన పీఠికలో హాస్యమాడినాడు. గిటారు 'చూడుము, తాకకుము' అను బెట్టుసరి లేని సుందరి యట. ఎన్ని చేతులు తాకినను దాని నడుమనున్న రోజాపువ్వు వాడదట. ఇద్దరును నవ్వించిరి. కాని మొదటివాని నవ్వు తలుపు మూయును, రెండవవాని నవ్వు తలుపు తెరచును. మొదటిది విని పేదవాడు వాద్యమును దాచుకొనును. రెండవది విని చేతికి తీసికొనును.

ఈ భేదమునకు ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్ గ్రామము మరియొక సాక్ష్యము. 1818 డిసెంబరు 24న యోసెఫ్ మోర్ అను యువగురువు తాను 1816లో వ్రాసిన గీతమును ఫ్రాన్జ్ గ్రూబర్ అను బడిపంతులునకు ఇచ్చి, రెండు గళములకును గిటారునకును తగిన వరుస కట్టుమని కోరినాడు. నాటి రాత్రియే ఇద్దరును దానిని దేవాలయములో పాడిరి. 'నిశ్శబ్ద రాత్రి' అని లోకమంతయు నెరిగిన క్రిస్మస్ పాట అది. ఆ మోర్‌పైననే పై అధికారులకు ఒక ఫిర్యాదు వెళ్లినది: భక్తికి తగని పాటలు పాడుచున్నాడనియు, స్త్రీలతో పరిహాసమాడుచున్నాడనియు. ఫిర్యాదు చేసినవారు గాంభీర్యమునే భక్తి యనుకొనిరి. వారి మాట నెగ్గియుండినచో గురువు నోటి నవ్వుతోపాటు ఆయన చేతి గిటారు కూడ గుడి వెలుపలనే నిలిచిపోయెడిదేమో! వేడుక పాటలకు పలికిన చేతివాద్యమే ప్రార్థనకును పలికినది. వాయించినవాని హృదయము ఒకటే గదా.

భారతీయ భక్తికి ఈ సంగతి తెలియనిది కాదు. తులసీదాసు శివుని పెండ్లి ఊరేగింపును పకపక నవ్వునట్లు వర్ణించినాడు. గోలకొండ చెరలో రామదాసు తాను చేయించిన నగలను లెక్కించి చెప్పి రాముని నిలదీసినాడు. దగ్గరివానితోనే ఇట్లు మాటలాడగలము. పరాయివానియెడ మర్యాద మాత్రమే ఉండును. తన దైవముతో పరిహాసమాడగలవాని నమ్మిక భయముపై గాక చనువుపై నిలిచినది.

అయినను ఒక ఆక్షేపణ మిగిలియున్నది. చనువునకు హద్దు లేదా? ఉన్నది; అది ఉపాధ్యాయుని గదిలోనే స్పష్టముగా కనబడును. పిల్లవాడు స్వరము తప్పినప్పుడు గురువు వానిని చూచి నవ్వినచో వాడు మరునాడు రాడు. తన మొదటి రోజులలోని తప్పును చెప్పి తానే నవ్వుకొన్నచో పిల్లవాడు కూడ నవ్వి మరల తీగ మీటును. తప్పు అట్లే దిద్దబడును, కాని మనిషి విరుగడు. తన్ను తక్కువ చేసికొనుటకు వినయము కావలయును. ఎదుటివానిని తక్కువ చేయుటకు అహంకారము చాలును. పౌలు నిషేధించినది రెండవదాని వాక్కు. అక్వినాస్ సమర్థించినది మొదటిదాని విశ్రాంతి.

గిటారు వాయించువాడు మీటుట మాత్రమే కాదు, మ్రోగుచున్న తీగపై అరచేయి ఆనించి దానిని ఆపుట కూడ నేర్వవలయును. దుఃఖించువాని యింట నవ్వు ఆగవలయును. క్షమాపణ చెప్పవలసినచోట చమత్కారము చెప్పి తప్పించుకొనరాదు. ఎప్పుడు ఆపవలయునో తెలిసినవాని నవ్వు ప్రార్థనకు అడ్డు రాదు. అది కూడ శ్రుతి కూర్చుటలో ఒక భాగమే.