మంచి చుట్ట అంటే ఏమిటి?



"మంచి" అన్న మాటను మనం రోజుకు ఎన్నిసార్లు వాడతామో లెక్కలేదు. మంచి ఎద్దు, మంచి వాన, మంచి మనిషి. మాట ఒకటే. అర్థం కూడా ఒకటేనా? ఈ ప్రశ్నను ఈ వారం ఒక చిన్న వస్తువు దగ్గర పెట్టి చూద్దాం. ఆ వస్తువు చుట్ట. గురువుగారికి చుట్ట గొడవ దేనికని నవ్వకండి. పెద్ద ప్రశ్నలు ఒక్కోసారి చిన్న వస్తువుల దగ్గరే పట్టుబడతాయి.

పెబ్బేరు శనివారం సంత మీలో చాలామంది చూసే ఉంటారు. ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. చుట్ట తాగే ముసలివాడు పొగాకు కొనేటప్పుడూ అంతే. ఆకును వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. పెళుసుగా విరిగితే ఎండెక్కువైందంటాడు. పచ్చి వాసన వస్తే సరిగా మాగలేదంటాడు. ఇక చుట్టలో చూసేవి వేరు. బిగించి చుడితే పొగ లాగదు, వదులుగా చుడితే గబగబా కాలిపోతుంది. నిప్పు ఒక పక్కకే పోకుండా చుట్టూ సమంగా కాలాలి. బూడిద వెంటనే రాలకుండా కాసేపు నిలవాలి. ఘాటు ఉండాలి గాని గొంతును కోయకూడదు. ఇంత విచారణ జరిగాక "మంచి చుట్ట" అన్న తీర్పు వస్తుంది.

కొద్దిపాటి డబ్బుకు దొరికే చుట్టకు ఇంత విచారణ దేనికని మీరు అడగవచ్చు. అడగడంలోనే మన పక్షపాతం బయటపడుతుంది. క్యూబా దేశపు హవానా చుట్టను ఒక ధనవంతుడు రుచి చూసి, ఇందులో కాఫీ వాసన ఉంది, తోలు వాసన ఉంది అంటే దాన్ని పత్రికలు అచ్చువేస్తాయి. గోదావరి లంకల్లో పండిన లంక పొగాకు చుట్ట గురించి ఒక కూలివాడు అదే మాట అంటే "వీడికేం తెలుసు" అంటాం. మనం తూచింది నాలుకనా, జేబునా?

స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లో రుచికి కొలమానం ఏదన్న విషయం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో సెర్వాంటిస్ రాసిన "డాన్ క్విక్సోట్" నవల నుంచి ఒక కథ చెప్పాడు. సాంకో పాంజా బంధువులిద్దరిని ఒక పీపాలోని ద్రాక్షసారాయిని రుచి చూడమన్నారు. బాగానే ఉంది గాని కాస్త తోలు రుచి తగులుతోందన్నాడు ఒకడు. ఇనుము రుచి తగులుతోందన్నాడు రెండోవాడు. అందరూ నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలు పట్టీ కట్టిన పాత తాళంచెవి ఒకటి కనిపించింది! వారిద్దరూ పెద్దింటివారు కారు. అయినా వారి నాలుక నిజం చెప్పింది.

మంచి తీర్పరికి సున్నితమైన ఇంద్రియం, అలవాటు, పోల్చి చూసే నేర్పు, పక్షపాతం లేని బుద్ధి కావాలంటాడు హ్యూమ్. వీటిలో ఏదీ డబ్బుతో కొనేది కాదు. పైగా పేరు, పెట్టె, ధర చూసి మోసపోయే ప్రమాదం పేదవాడికి కొంత తక్కువ.

అయితే అతనికి ఇంకో ప్రమాదం ఉంది. ఆకలి రుచి ఎరగదంటారు పెద్దలు. చుట్ట యావ మీద ఉన్నవాడికి ఏ చుట్టయినా మంచిదే. తీర్పరి స్వేచ్ఛగా ఉన్నప్పుడే తీర్పుకు విలువ. "ఇది బాగాలేదు, నాకొద్దు" అని పక్కన పెట్టగలిగినవాడే "ఇది బాగుంది" అనడానికి అర్హుడు. పక్కన పెట్టలేనివాడి నోట తీర్పు రాదు, ఆ యావే మాట్లాడుతుంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. పదునైన కత్తి మంచి కత్తి. అది దొంగ చేతిలో ఉన్నా కత్తిగా మంచిదే. తన జాతికి తగినట్లు ఉండే మంచి ఒకటి, మనిషిని మనిషిగా బాగుచేసే మంచి వేరొకటి. పునీత తోమాసు అక్వినాసు ఈ తేడాను జాగ్రత్తగా పాటించాడు. ముసలివాడు "మంచి చుట్ట" అన్నప్పుడు మొదటి అర్థంలో నిజమే చెప్పాడు. రెండో అర్థంలో ఆ మాట నిలవదు. పొగ మింగకపోయినా చుట్ట నోటికి, గొంతుకు పుండు తెస్తుందని వైద్యశాస్త్రం నిర్ధారించింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో కొందరు స్త్రీలు నిప్పున్న కొనను నోట్లో పెట్టుకొని అడ్డచుట్ట తాగేవారు. వారి అంగిట్లో పుట్టే కాన్సరును గురించి వైద్యులు ఎన్నో పరిశోధనలు చేశారు. చుట్ట బాగా కాలినంత మాత్రాన నోరు బాగుండదు.

"మితంగా తాగితే తప్పేముంది స్వామీ? శ్రీసభే అతి కూడదంది గదా" అని కొందరు అడుగుతారు. నిజమే. 1992 నాటి కతోలిక సత్యోపదేశం తిండి, మద్యం, పొగాకు, మందుల విషయంలో అతిని విడిచిపెట్టమంటుంది. కాని మితాన్ని కొలవడానికి ఒక చెయ్యి కావాలి. పొగాకులోని నికోటిన్ ఆ కొలిచే చేతినే పట్టుకుంటుంది. నిన్నటి రెండు నేడు నాలుగైనా మితంగానే కనబడతాయి. మితమంటే లెక్క తక్కువ కావడం కాదు, వద్దనగల స్వేచ్ఛ మిగిలి ఉండడం.

సిగరెట్ పెట్టెల మీద 2016 నుంచి 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని మన దేశపు నిబంధన. ఇంట్లో చుట్టుకునే ఆకు కట్టకు ఆ బొమ్మ ఎక్కడుంటుంది? అక్కడ హెచ్చరిక ఒక మనిషి నోటినుంచే రావాలి. కొడుకు చెప్పాలి, కోడలు చెప్పాలి, గురువు చెప్పాలి. ఎలా చెప్పాలన్నదే చిక్కు. "ఆ కంపు పారేయి" అంటే ముసలివాడు వినడు. అరవై ఏళ్లుగా అతని వేళ్లు నేర్చిన విద్యను మనం కంపు అన్నాం. తన తీర్పును లెక్కచేయనివాడి తీర్పును అతనెందుకు లెక్కచేయాలి?

కాబట్టి ముందు అతని పక్కన కూర్చోండి. ఆకు ఎలా చూడాలో అడగండి. అతని నాలుక చెప్పింది నిజమని ఒప్పుకోండి. ఆ తరువాత రెండో నిజం చెప్పండి: "తాతా, చుట్ట మంచిదే. నీకు మాత్రం మంచిది కాదు. నువ్వు మాకు ఇంకా కొన్నేళ్లు కావాలి." వింటాడా అంటే మాట ఇవ్వలేను. వినకపోయినా అతడు మన దృష్టిలో తీర్పు చెప్పగల మనిషిగానే మిగులుతాడు. తీర్పు చెప్పగలవాడికి మారే శక్తి కూడా ఉంటుంది.