చిన్నరాజులకు వేఱు శీర్షిక వలయునా?

మా నారాయణఖేడు పిల్లలకు నొకప్పుడు చిన్న పని యొకటి చెప్పితిని. తమ ప్రాంతమును పూర్వ మేలినవారిలో నొక్కరిని గూర్చి, విజ్ఞానకోశమున చేర్చుటకు తగునట్లుగా పది పంక్తులు వ్రాసికొని రావలెను. పెక్కుమంది కాకతీయులను, కుతుబుషాహీలను వ్రాసికొని వచ్చిరి. ఆ వ్రాతలన్నియు నొకే పుస్తకమునుండి దిగినవని చూచినంతనే తెలిసినది. ఒక బాలికమాత్రము పాపన్నపేట సంస్థానపు రాణి శంకరమ్మను గూర్చి వ్రాసినది. ఆమె గుఱ్ఱమెక్కి యుద్ధముచేసి నిజాముచే ‘రాయబాగిన్’ అను బిరుద మందినదనియు, సంగారెడ్డి పట్టణమునకు ఆమె కుమారుని పేరే వచ్చినదనియు నా వ్రాతలోని సారము. ఎచ్చట చదివితివని యడిగితిని. “మా నాయనమ్మ చెప్పింది సార్” అన్నది. వెనుక బల్లనుండి యొక బాలుడు, “అంత చిన్న రాణికి కోశంలో చోటెందుకు సార్?” అన్నాడు. తరగతి నవ్వినది. నాకు నవ్వును రాలేదు, వెంటనే బదులును రాలేదు.

బాలుని పక్షమున చెప్పదగినది చాల కలదు. గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడచిన తాతలకు మనుమలము మనము. 1949లో హైదరాబాదు రాజ్యమున జాగీరులు రద్దయినవి. 1971లో రాజ్యాంగమునకు జరిగిన 26వ సవరణతో మాజీ ప్రభువుల బిరుదములును భరణములును పోయినవి. శాసనము తీసివేసిన గద్దెను కోశకర్త మరల వేయవలెనా? పుట్టుకచేత గాక పనిచేత మనుష్యుని కొలువవలెనని ఇంటింట చెప్పుచున్న మనము, అంతఃపురమున పుట్టినంతమాత్రమున నొకనికి పుట కేటాయించుట యెట్లు? వంశస్థులు వ్రాయించిన చరిత్రలు నేను కొన్ని చూచితిని. ఫలానా ప్రభువు జన్మించెను, వివాహమాడెను, ప్రజారంజకముగా పాలించెను, స్వర్గస్థుడయ్యెను. ఆ తేదీలను చెఱిపివేసినచో నొక ప్రభువును మఱియొక ప్రభువునుండి వేఱుచేయుట బ్రహ్మకైనను శక్యము కాదు. అట్టివారికి వంశశీర్షికలో నొక్క పంక్తి చాలును. ఈ మాటలో నాకు సందేహము లేదు.

కాని చిన్నతనము వేఱు, శూన్యత వేఱు. ఇక్కడనే మా బాలుడు తడబడినాడు, పెద్దలును తడబడుచుందురు.

తెలుగున విజ్ఞానకోశమనిన మొదట స్మరింపవలసినవారు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు. 1915లో వారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వపు మొదటి సంపుటము వెలువడినది. 1923లో వారు కన్నుమూయునాటికి గ్రంథము అకారమును దాటలేదు. ఒక్క యక్షరమునకే జీవితము చాలనిచోట ఒక శీర్షిక చేర్చుటయనగా మఱియొకదానిని త్రోసివేయుటయే. ఆ లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. ఆ సంస్థానాధిపతి నాయని వేంకట రంగారావుగారు చుట్టును నిజాము రాజ్యమే గల యొక చిన్న పరగణాకు జమీందారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించుటలోను, 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నిలువబెట్టుటలోను ఆయన చేయి యున్నది. విస్తీర్ణమునుబట్టి కొలిచినచో ఆయనకు శీర్షిక రాదు. తెలుగువారి చదువునుబట్టి కొలిచినచో రాక తప్పదు.

ఇంతటితో నాగినచో అది స్తోత్రమగును. 1930 తరువాతి సంవత్సరములలో ఆ మునగాల పరగణా రైతులే జమీందారీ దౌష్ట్యములపై ఆందోళన సాగించిరి. గ్రంథాలయము నొక వాక్యమున, రైతుల గోడు పక్క వాక్యమున వ్రాయుటకు వేఱు శీర్షికయే తగిన చోటు. వంశావళిలో నొక పంక్తిగా దాగిన జమీందారుకు పొగడ్త లేకపోవుటయే కాదు, అభియోగమును తప్పిపోవును. చిన్నరాజులకు చోటీయరాదను సంస్కర్తలు ఈ సంగతిని ఆలోచించినట్లు తోచదు. కోశమున శీర్షిక దొరకుటను గౌరవముగా నెంచుట చేతనే ఈ చిక్కంతయు వచ్చినది. నా దృష్టిలో నది సాక్షిని నిలువబెట్టు బోను.

సాక్షియని యూరకే యనలేదు. వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. వారిలో రెండవ అరికేసరి కన్నడాదికవి పంపని పోషించినవాడు. పంపడు తన భారతమున నర్జునునికి ఆ ప్రభువునే పోలికగా నిలిపెను. ఆ పంపని కుటుంబపు సంగతులు మనకు తెలిసినది కరీంనగరము దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్టపై అతని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనము వలన. సుమారు 945 నాటి ఆ శాసనముననే తెలుగు కందపద్యములు మూడు కలవు. నన్నయ కింకను నూఱేండ్లు ముందున్నవి! సామంతుడని అరికేసరిని త్రోసివేసినచో ఈ ముడి యంతయు విప్పుటకు కొస దొరకదు.

ఇట్టిదే మఱియొకటి. కాకతి గణపతిదేవుని సోదరి మైలమ. ఈమె యేలిక కాదు. పెద్దరాజునకు తోబుట్టువు మాత్రమే. బయ్యారమున చెఱువు త్రవ్వించి శాసనము వేయించినది. కాకతీయుల తొలితరముల పేర్లను వెన్నని మొదలుకొని వరుసగా చెప్పునది ఆ చెఱువు శాసనమే. చక్రవర్తుల తాతల పేర్లు మనకు ఆడుపడుచు చెఱువుగట్టున దొరికినవి.

పుట్టుక కిచ్చిన చోటును పనికి నిరాకరింపరాదు గదా. రుద్రమదేవి యెప్పుడు మరణించినదో చెప్పునది నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనము. ఆమెకును, ఆమె సేనాని మల్లికార్జున నాయనికిని శివలోకప్రాప్తి కలుగవలెనని 1289లో భూమి దానము చేసినవాడు పువ్వుల ముమ్మడియను భృత్యుడు. రాజు కాడు, రాజబంధువు కాడు. మైలమకు శీర్షిక నిచ్చి ముమ్మడికి లేదనువానిని నేను నమ్మను. అతని ముందు మన రాజభక్తి బయటపడును.

ఆంగ్లేయుల జాతీయ చరిత్రకోశమునకు మొదటి సంపాదకుడైన లెస్లీ స్టీఫెన్, అట్టి కోశమువలన నిజమైన యుపయోగము రెండవ శ్రేణివారి విషయముననే యని తలచెను. మహాపురుషుల చరిత్ర ఎక్కడనైనను దొరకునని యాయన తలంపు. 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ కవుల సంచికలో 354 మంది తెలంగాణ కవులను చేర్చినపుడును జరిగిన దిదియే. ఇచ్చట కవులే లేరన్న మాటకు నొక్క మహాకవిని చూపి బదులు చెప్పవచ్చును. వారు మూడువందలకు పైబడి చిన్నకవులను చూపిరి. అందఱును గొప్ప కవులా? కారు. సంచిక పని యది కాదు.

నేడు కాగితపు కఱవు తీఱినది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వంటివానికి పుటల లెక్క లేదు. కావున నెవరినైనను చేర్చవచ్చుననువారు కలరు. కాగితము తఱుగకపోవచ్చును, సరిచూచువాని ఓపిక తఱుగును. ఆధారము లేని నూఱు సంస్థానాధిపతుల నడుమ ఆధారముగల యొక్కడు కనబడక పోవును.

మరల శంకరమ్మ సంగతి. ఆమె భర్తకును బంధువులకును సంస్థానపు శీర్షిక చాలునని తేల్చితిని. ఆమెకు వేఱుగా నీయవచ్చును. ఊరి పేరును, ఇప్పటికిని నాయనమ్మలు మనుమరాండ్రకు చెప్పు కథయు నామె విడిచిన జాడలే. అయితే కథను కథగా చెప్పవలెను. యుద్ధమును కనులార చూచినట్లు వ్రాయరాదు. ఈ మాట చెప్పి కాగితము తిరిగి యిచ్చితిని. బాలుడు కొంత గొణిగినాడు. వానిని చందుపట్ల భృత్యుని గూర్చి వ్రాయుమంటిని.

మఱునాడు బాలిక పది పంక్తులను నాలుగు చేసికొని వచ్చినది. నాలుగింటిలో మూడుచోట్ల ‘అని చెప్పుదురు’ అని యున్నది. కాగితము నా చేతికిచ్చి పోక నిలిచినది.

“ఎవరు చెప్పుదురో కూడా రాయాలా సార్?”

“వ్రాయవలెను.”

“అయితే మా నాయనమ్మ పేరు రాయవచ్చునా?”

అడుగున కొంచెము చోటు మిగిలియున్నది. అక్కడ వ్రాయుమని కలము ఇచ్చితిని.