ఖాళీ బుట్ట

వేట కుదిరిన రోజు ఎవరికీ ధర్మసందేహాలు రావు. తెచ్చిన చేపను బూడిదతో రుద్ది, కడిగి, పులుసు పెట్టుకొని, తిని పడుకుంటాం. వేట చెడిన రోజే శాస్త్రాలు గుర్తొస్తాయి. పోయిన వానాకాలం శంషాబాద్ దగ్గర మా కుంటలో మా మేనల్లుడి వేట చెడింది. ఈ గొడవంతా అక్కడే మొదలైంది.

వాడు ఎయిర్‌పోర్టు కార్గోలో నైట్ డ్యూటీలు చేస్తాడు. వాళ్ల తాత, అంటే మా నాయన, వల వేసి బతికాడు. నేను కాలేజీలో మత్స్యావతారం పద్యాలు చెప్పి బతికాను. వాడికి ఈ రెండూ పట్టవు. నీళ్లలో మునిగి బరిసెతో చేపల్ని పొడిచే విదేశీ వీడియోలంటే మాత్రం పిచ్చి. ఆన్‌లైన్‌లో మూడు మొనల స్టీలు బరిసె ఒకటి తెప్పించుకున్నాడు. బరిసె వచ్చింది గానీ సముద్రం ఎక్కడిది? పక్కనే హిమాయత్‌సాగర్ ఉందిగా అన్నాడు. 1908 మూసీ వరద ఊరిని ఊడ్చేశాక, మళ్లీ అలాంటి వరద రాకుండా ఈసీ నది మీద కట్టి 1927లో పూర్తి చేసిన తాగునీటి చెరువు అది, నీ బరిసె కోసం కట్టింది కాదురా అన్నాను. ఇక మిగిలింది మా కుంట. డ్యూటీ దిగి తెల్లారేసరికి వచ్చాడు. నన్ను కూడా లాక్కుపోయాడు, సంచీ పట్టుకోవడానికి.

కొర్రమట్టను బరిసెతో కొట్టేవాళ్లకు ఒక ఉపాయం తెలుసు. వానలు పడగానే అది తుంగలోనో గుర్రపుడెక్కలోనో జాగా చేసుకొని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా ఉంటాయి. మంద మందగా నీళ్ల పైపైనే తిరుగుతుంటాయి. మీద నుంచి చూస్తే కుంకుమ కలిపిన నీళ్లు ఒకచోట ఉడుకుతున్నట్టుంటుంది. ఆ మంద కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. కొర్రమట్టకు మొప్పలతో పీల్చే గాలి చాలదు కాబట్టి అప్పుడప్పుడు పైకొచ్చి నోటితో గాలి మింగి పోతుంది. వేటగాడు చేపను వెతకక్కర్లేదు. పిల్లల మంద దగ్గర ఊరికే నిలబడితే చాలు.

మా వాడికి ఇవన్నీ తెలుసు, తాత దగ్గర విన్నాడు. తాత చెప్పిన రెండో ముక్క మాత్రం మరిచిపోయాడు. పిల్లలతో ఉన్నదాన్ని కొట్టొద్దని మా నాయన కచ్చితంగా చెప్పేవాడు. అది దయో, వచ్చే ఏటి బేరమో నేనెప్పుడూ అడగలేదు.

మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడు. మీద విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఎర్ర మంద తుంగ పక్కకు వచ్చింది. కింద నల్లటి వీపు కదిలింది. వాడు పొడిచాడు. నీళ్లలోని చేప ఉన్నచోటికంటే పైకి కనబడుతుంది, నాలుగడుగుల లోతులో ఉన్నది మూడడుగుల్లో ఉన్నట్టు. ఇంటర్లో వక్రీభవనం చదువుకున్నవాడే, కానీ చేతికి ఆ చదువు అందలేదు. బరిసె చేప వీపు మీదుగా గీరుకుంటూ బురదలో దిగింది. నీళ్లు ఒక్కసారి భగ్గుమన్నాయి. బరిసె పైకి తీస్తే ఒక మొన వంగి ఉంది. దానికి వేలిగోరంత పొలుసు, కొంచెం ఎరుపు. పిల్లలు చెల్లాచెదరైపోయాయి. కాసేపటికి మళ్లీ గుంపు కట్టాయి. కింద కాపలా ఉందో లేదో కనపడలేదు.

నేనేమీ అనలేదు. నా మొహం చూసి వాడే అన్నాడు, ‘‘గట్ల చూస్తవేంది మామా? చేపేం సావలే గదా! సస్తే పాపం. సావకుంటే ఏం పాపం?’’

ప్రశ్న చిన్నదే. దీని మీద మన దేశంలో రెండున్నర వేల ఏళ్లుగా కొట్లాట నడుస్తోంది. పాళీ మజ్ఝిమ నికాయంలో ఉపాలి సుత్తం అని ఒకటుంది. అందులో ఒక జైన తపస్వి బుద్ధుడితో, అన్నిటికంటే బరువైన పాపం శరీరంతో చేసేది అంటాడు. కాదు, మనసుతో చేసేది అంటాడు బుద్ధుడు. తరవాత అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు లెక్క కట్టాడు. ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలన్న తలపుండాలి, ప్రయత్నం జరగాలి, ప్రాణం పోవాలి. అయిదూ కుదిరితేనే ప్రాణాతిపాతం. ఈ లెక్కలో మా వాడికి నాలుగే కుదిరాయి. పోలీసు భాషలో హత్య కాదు, హత్యాయత్నం. ఇది చెబితే వాడు తెగ సంతోషపడ్డాడు.

అయితే బౌద్ధుల పుస్తకంలో జైనుల వాదం చదివి, జైనులు అంతేనని అనుకోకూడదు. ఎదుటివాడి మాట మనం రాస్తే ఎప్పుడూ కొంచెం మొద్దుగానే వస్తుంది. జైనులు స్వయంగా రాసుకున్నది చూడాలంటే కాశీకి పోనక్కర్లేదు, కరీంనగర్ దాకా పోతే చాలు. సోమదేవసూరి అనే జైన ముని వేములవాడ చాళుక్యుల నీడలో ఉండి, 959లో గంగాధారలో యశస్తిలక చంపువును పూర్తి చేశాడు. కరీంనగర్ జిల్లాలోని ఇప్పటి గంగాధరే అది అంటారు. పంపకవి తమ్ముడు జినవల్లభుడు తెలుగు కంద పద్యాలు చెక్కించిన కుర్క్యాల బొమ్మలగుట్ట ఆ పక్కనే.

యశస్తిలకం కథంతా చావని ప్రాణి గురించే. యశోధరుడనే రాజు తనకు చెడ్డ కల వచ్చిందని తల్లితో చెబుతాడు. దోషం పోవడానికి జంతుబలి ఇమ్మని తల్లి పట్టుబడుతుంది. అతను ఒప్పుకోడు. చివరికి మధ్యేమార్గంగా పిండితో కోడిని చేసి, దాన్ని బలి ఇస్తారు. చచ్చిన కోడి లేదు, కారిన నెత్తురు లేదు. అయినా ఆ పాపానికి తల్లీ కొడుకులు నెమలి, కుక్క అంటూ జంతు జన్మలన్నీ తిరుగుతారు. ఒక జన్మలో రాజు సిప్రానదిలో చేపై పుడతాడు. కోడి పిండిదే గానీ నరికిన చెయ్యి నిజంగానే నరికిందని సోమదేవుడి తీర్పు. గుమ్మడికాయ కోసి కుంకుమ పూసే మనం ఈ కథ చదివితే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది. చంపకపోయినా జాలరి పాపి, చంపినా రైతు పాపి కాడు అని దాని భావం. జాలరి పొద్దంతా వల వేసి ఒక్క చేప పట్టకపోయినా తలపంతా చంపడం మీదే. రైతు నాగలి కింద లెక్కలేనన్ని పురుగులు నలిగినా తలపు పంట మీద. మా వాడి ప్రశ్నకు వెయ్యేళ్ల కిందటే తయారుచేసి పెట్టిన జవాబులా ఉంది.

జవాబు సరే. నేను చేపల పులుసు కూడుతో చదువుకున్నవాణ్ణి. ఈ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మా నాయన వల విసిరేటప్పుడు చేపల చావు గురించి ఆలోచించేవాడా? మా అక్క ఫీజు గురించి ఆలోచించేవాడు. రైతు తలపు పంట మీద ఉండొచ్చు గానీ జాలరి తలపు ఇంట్లో పొయ్యి మీద ఉండకూడదా? ఇంకో సంగతి. పుస్తకం రాసిన ఏడేళ్లకు, 966లో, వేములవాడ రాజు అరికేసరి శుభధామ జినాలయం కోసం సోమదేవుడికి ఒక ఊరు దానమిచ్చినట్టు పర్భణీ తామ్రశాసనం చెబుతుంది. ఊరు దానం అంటే ఆ ఊరి పంటలో భాగం. తమకు అన్నం పెట్టే నాగలి మీద మునులకు దయ ఎక్కువ ఉండటంలో వింతేముంది? శ్లోకం దానానికి ముందే రాశాడు కాబట్టి లంచం అనను. ఎటువైపు కూర్చొని రాశాడో మాత్రం కనబడుతోంది అంటాను.

భారతంలో ధర్మవ్యాధుడు ఇంకొంచెం నిజాయితీపరుడు. మిథిలలో మాంసం కొట్టు పెట్టుకున్న ఆయన దగ్గరకు కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం నేర్చుకోవడానికి వస్తాడు. దున్నేటప్పుడు భూమిలో ఎన్ని ప్రాణులు చస్తాయో చూడు, గింజ కూడా జీవమే, హింస చేయకుండా నడిచేవాడెవడు అని ఆయన అడుగుతాడు. రైతుకు సోమదేవుడు ఇచ్చిన మాఫీని ఈ కసాయి రద్దు చేశాడు. ఇది మా వాడికి మరీ నచ్చింది. ‘‘అందరం చేసేదే కదా మామా’’ అన్నాడు. ధర్మవ్యాధుడు చెప్పింది అది కాదురా అని వాడికి చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన తన చేతులతో ఏ ప్రాణినీ చంపేవాడు కాడు, తనకు వచ్చిన వృత్తిలో అంత మేరకే మిగుల్చుకున్నాడు. అందరికీ అంటిన మసి కాబట్టి నేను తుడుచుకోనక్కర్లేదని ఎక్కడా అనలేదు.

సోమదేవుడి మీద కోపం వచ్చినా ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టలేను. కారణం, జాలరిని పాపి అన్న ఆయనే మృగసేనుడి కథ చెప్పాడు. మృగసేనుడు జాలరి. పొద్దున్నే వల భుజాన వేసుకొని పోతుంటే ఒక ముని కనిపించాడు. వృత్తి మానెయ్యమని ముని అనలేదు. ఇవాళ వలలో మొదట పడినదాన్ని చంపకు, అంతే అన్నాడు. మొదట ఒక పెద్ద చేప పడింది. గుర్తుకు గుడ్డపీలిక కట్టి వదిలాడు. ఇంకోచోట వల వేస్తే మళ్లీ అదే చేప, అదే పీలిక. మళ్లీ వదిలాడు. అలా అయిదుసార్లు అదే పడింది, అయిదుసార్లూ వదిలాడు. పొద్దుగూకింది. ఉత్తచేతులతో ఇంటికొస్తే పెళ్లాం తిట్టి తలుపేసుకుంది. బయటే ఒక పాత మొద్దు తలకింద పెట్టుకొని పడుకుంటే పాము కరిచి చచ్చిపోయాడు. ఆ వదిలిన అయిదుసార్లకు మరుజన్మలో అయిదుసార్లు చావు తప్పించుకున్నాడు.

మరుజన్మ లెక్క నాకు అంతగా పట్టదు. నన్ను పట్టుకున్నది ఆ ఖాళీ బుట్ట. మా వాడు, మృగసేనుడు, ఇద్దరూ ఉత్తచేతులతోనే ఇంటికొచ్చారు. బయటివాడికి ఆ రెండు బుట్టలూ ఒకటే. ఒకటి చేతకాక ఖాళీ అయింది, ఇంకోటి చేతిలోకొచ్చినదాన్ని వదిలితే ఖాళీ అయింది. చేప చావకపోవడం మా వాడి గొప్ప కాదు, నీళ్ల గొప్ప. వెలుగు నీళ్లలో వంగబట్టి బతికింది. ఆ పుణ్యం మా వాడి ఖాతాలో ఎట్లా వేస్తాం?

ఇంతవరకు చెప్పాక వాడు ఒక దెబ్బ కొట్టాడు. ‘‘మరి మృగశిర నాడు నాంపల్లిల వేలమంది బతికున్న కొర్రమట్ట పిల్లల్ని మింగుతరు గదా మామా. ఆళ్లందరు పాపులేనా?’’ నిజమే. బత్తిని వారు ఇచ్చే చేప మందు కోసం ఎగ్జిబిషన్ మైదానంలో జనం తెల్లారకముందే వరసలు కడతారు. చేప వద్దన్నవాళ్లకు బెల్లంతో ఇస్తారు. మింగేవాళ్ల తలపు ఉబ్బసం తగ్గడం మీద. కాబట్టి సోమదేవుడి లెక్కలో వాళ్లు రైతు పక్షం. నేను కాదనను. ఊపిరాడనివాడికి నీ తలపు సరిచూసుకో అని చెప్పే మొహం నాకు లేదు.

నాకు గుచ్చుకున్నది అది కాదు. నా తలపు అది కాదు అన్న మాట మా వైపు ఎంత తేలికగా చెలామణీ అవుతోందో అది గుచ్చుకుంది. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచాక ఇక్కడి గజం ధర పెరిగింది. హిమాయత్‌సాగర్, దాని జంట జలాశయం చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో ఇటు కొన్ని ఊళ్లను కాపాడింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. జీవో వర్తించని చోట్ల అంతకుముందే కుంటల శిఖం భూముల్లో మొరం టిప్పర్లు దిగడం నేను చూశాను. మొరం పోసినవాడు చేపను చంపాలనుకోలేదు. ప్లాటు కొన్నవాడు ఇల్లనుకున్నాడు. బ్యాంకువాడు వడ్డీ అనుకున్నాడు. ఎవరి తలపులోనూ కొర్రమట్ట లేదు. ఎర్ర పిల్లల మందలూ, కింద కాపలా కాసేవీ, తుంగా, అన్నీ మొరం కిందికి పోయాయి. తలపే పాపానికి కొలత అయితే ఇక్కడ పాపి ఎవడూ లేడు. బరిసె పట్టుకొని ఒక్క పొలుసు ఊడదీసిన మా మేనల్లుడే శంషాబాద్ మండలం మొత్తానికి మిగిలిన పాపి.

తలపును కొలత నుంచి తీసెయ్యమని నేననడం లేదు. తీసేస్తే పిండికోడి కథ అర్థం పోతుంది, పిల్లల మంద దగ్గర బరిసె పట్టుకొని కాచుకోవడంలో తప్పేమిటో వాడికి నేను చెప్పలేను. కానీ తెలిసి కళ్లు మూసుకోవడం కూడా ఒక తలపే. జైనులు దానికి ప్రమాదమని పేరు పెట్టారు, అజాగ్రత్త అని. రైతును తేలిగ్గా వదిలేసిన సోమదేవుడు ఈ ప్రమాదాన్ని ఇంకొంచెం గట్టిగా వాడి ఉండాల్సింది. ఆయన శ్లోకంలో ఇద్దరే ఉన్నారు, జాలరి, రైతు. మా కుంట గట్టు మీద ఆయన్ను ఒక పూట నిలబెట్టగలిగితే మూడోవాణ్ణి చూపిస్తాను, టిప్పర్ మొరం దించుతుంటే ఫోన్లో గజాల లెక్క చెబుతున్నవాణ్ణి. వాణ్ణి తీసుకుపోయి రైతు పక్కన కూర్చోబెడతానంటే మాత్రం నేను ఒప్పుకోను. మా మేనల్లుడి పక్కన కూడా కాదు, వాడికంటే కింద.