సంతకం పెట్టేముందు ఒక్కసారి రా



చీమకుర్తి పొలం లీజు గడువు దగ్గర పడిందిరా. మళ్ళీ ఇరవై ఏళ్ళకు కన్సెంట్ కాయితం మీద నీ సంతకం కావాలని క్వారీవాళ్ళు మొన్న ఇంటికి మనిషిని పంపారు. నీకు మెయిల్ కూడా పెట్టారట. డల్లాస్‌లో కూర్చుని నిమిషంలో సంతకం చేసి పంపెయ్యగలవు. బాబాయిగా నేను వద్దని అనను. చేసేముందు ఒక్కసారి వచ్చి ఆ చేలో నిలబడి చూడమంటున్నాను.

మీ నాన్న ఉన్న రోజుల్లో ఆ నాలుగెకరాల మెట్టను ఎవరం లెక్కలోకి తీసుకోలేదు. పైన జానెడు మన్ను, కింద బండ. వాన పడితే కంది, లేకపోతే బీడు. పంపకాలప్పుడు సాగర్ కాలువ కింది భూమి కోసం మాటా మాటా అనుకున్నాం గానీ దాని ఊసెత్తినవాళ్ళు లేరు. ఆ బండే గెలాక్సీ గ్రానైటని తర్వాత తేలింది. నల్లరాతిలో మెరిసే ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. దేశదేశాల హోటళ్ళ నేలల మీద పరిచిన ఆ రాయి మన చీమకుర్తి చుట్టుపక్కల నుంచి వెళ్ళిందే.

నీ హక్కును ఎవరూ కాదనరు. చట్టం ప్రత్యేకంగా తీసుకుంటే తప్ప నేల ఎవరిదో దాని కింది ఖనిజమూ వాళ్ళదేనని 2013లో మలబారు భూముల కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. గ్రానైట్ చిన్న తరహా ఖనిజం కాబట్టి 1966 నాటి మన రాష్ట్ర నిబంధనల కిందికి వస్తుంది. అందుకని లీజిచ్చేది గనుల శాఖ, సీనరేజి రుసుము పోయేది ప్రభుత్వానికి. పట్టా భూమి అయినప్పుడు మాత్రం పట్టాదారు ఒప్పుకోవాలి. నేను నీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. కొండ పోరంబోకులో క్వారీ పడితే ఊరివాళ్ళు అర్జీలు పట్టుకుని ఒంగోలు కలెక్టరాఫీసు చుట్టూ తిరగాలి. మన చేలో పడితే కాయితం నీ దగ్గరికొచ్చి ఆగుతుంది. ఆగిన ఆ కాస్త సేపట్లోనే షరతులు పెట్టగలం. సంతకం అయిపోయాక మళ్ళీ ఇరవై ఏళ్ళ దాకా నీ మాటకు గానీ, నా మాటకు గానీ విలువ ఉండదు. ఊళ్ళో కాపురం ఉంటున్న మాకెవరికీ లేని ఈ బలం, ఊరు వదిలి వెళ్ళిన నీ చేతిలో ఉంది నాన్నా. క్యూబిక్ మీటరుకు రేటు పెంచమని బేరమాడటానికి ఒక్కదానికే దాన్ని వాడెయ్యకు.

గట్టవతల చేను గుర్తుందా? మీ నాన్న దగ్గర ఏళ్ళ తరబడి కౌలు చేసినాయన కొడుకు ఇప్పుడు అందులో పొగాకు వేస్తున్నాడు. పొగాకు ఆకు జిగురుగా ఉంటుంది. బ్లాకుల లారీలు తొక్కే మట్టిరోడ్డు దుమ్ము దాని మీద పడితే దులిపినా వదలదు. బ్యారన్‌లో క్యూరింగ్ అయ్యాక కూడా ఆకు మీద వేలు రాస్తే గరగరలాడుతుంది. కిందటేడు అతని బేళ్ళు కొన్ని వేలంలో ఎవరూ పాడక నోబిడ్ అయి ఇంటికి తిరిగొచ్చాయి. అప్పు చేసి పండించిన సరుకు. అతను మనమీద తగువుకు రాలేదు. నన్ను చూస్తే ఇప్పటికీ అదే మర్యాద. రోడ్డు మీద పొద్దున, సాయంత్రం ట్యాంకరుతో నీళ్ళు కొడితే సగం దుమ్ము అణుగుతుంది. ఆ పని క్వారీ చెయ్యాలని ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించడానికి నీకేం ఖర్చు? అతని ఇంటి వెనక గోడ బ్లాస్టింగుకు నెర్రె విచ్చింది. దాన్నీ నీ కళ్ళతో చూడు.

పని చేసేవాళ్ళ సంగతి కూడా అడుగు. 2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర క్వారీలో బండలు విరిగిపడి ఒడిశా కూలీలు ఆరుగురు చచ్చిపోయారు. మన రాయి మీద వచ్చిన డబ్బు ఊరు దాటి నీదాకా వస్తోంది. దాన్ని తియ్యడానికి ఎక్కడెక్కడి బిడ్డలో ఊరు దాటి ఇక్కడికి వస్తున్నారు. వాళ్ళు నిలబడే బెంచీలు, పైనుండే అంచులు ఎలా ఉన్నాయో, ఎవరు తనిఖీ చేస్తున్నారో కనుక్కోవడం స్థలం సొంతదారుగా నీకు తగిన పనే.

ఇంకో మాట. కంది పీకినా, వచ్చే ఏటికి నేల అక్కడే ఉంటుంది. రాయి తీస్తే గుంట మిగులుతుంది. నీ ఖాతాలో పడేదాన్ని నువ్వు ఆదాయం అని రాసుకుంటున్నావేమో, నా లెక్కలో అది ఆస్తిని ముక్కముక్కలుగా అమ్ముకుంటున్న సొమ్ము. తీసిన రాయిలో బ్లాకుకు పనికొచ్చేది కొంతే. పగులో, చారో ఉన్నదంతా డంపుకు పోతుంది. మన డంపు ఇప్పటికే వాగు దాకా జరిగింది. పైమన్ను విడిగా దాచాలని, తవ్విన నేలను మళ్ళీ బాగు చెయ్యాలని 1999 గ్రానైటు నిబంధనల్లోనే ఉంది. సొంతదారు అడగని చోట వాటిని పట్టించుకునేది ఎవరు? గుంట చుట్టూ కంచె, వాగుకు దూరంగా డంపు, ఈ రెండూ లేకుండా సంతకం చెయ్యొద్దు.  

చివరిగా మీ అక్క విషయం. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. పంపకాల నాడు ‘ఆ రాళ్ళగుట్టలో నాకెందుకు బాబాయ్ వాటా’ అంటూ నవ్వుతూ సంతకం చేసి పసుపు కుంకుమ తీసుకుని వెళ్ళింది. కాయితం ప్రకారం అంతా నీదే. ఎన్టీఆర్ హయాంలోనే చట్టం ఆడపిల్లలకు వాటా ఇచ్చింది. ఆ వాటాను వాళ్ళచేతే వదిలించడం కూడా మన ఇళ్ళల్లో అప్పుడే మొదలైంది. కింద ఏముందో తెలిసి ఆ పిల్ల వదులుకోలేదు. పొదిలిలో వాళ్ళకు గడవడం కష్టంగానే ఉంది, నోరు తెరిచి అడిగే మనిషి కాదు. కొత్త ఒప్పందంలో తన పేరు కూడా పెట్టించు. సాయంగా పంపితే తీసుకోదు, వాటాగా ఇస్తే తీసుకుంటుంది.

నెల రోజులు ఆగమని క్వారీ మేనేజరుకు చెప్పాను, సరేనన్నాడు. ఒంగోల్లో మంచి లాయరును మాట్లాడి ఉంచుతాను. పాత ఒప్పందం నకలు, అడంగలు నా దగ్గరే ఉన్నాయి. టికెట్టు తీసుకుని తారీఖు చెప్పు. అక్కకు మాత్రం నేనేమీ చెప్పలేదు, నువ్వే ఫోన్ చెయ్యి.